హెడ్‌సెట్ పెట్టె మీద ముద్రించాల్సిన కొలతలు

సంపాదకులకు,

తలకు తొడిగే హెడ్‌సెట్‌లో కృత్రిమ లోకాన్ని చూపే వర్చువల్ రియాలిటీ రేపో మాపో బడుల్లోకి, ఆఫీసుల్లోకి వచ్చేస్తుందన్న మాట తరచూ వింటున్నాం. రావడం మంచిదే. శస్త్రచికిత్స నేర్చుకునేవారికి, మంటలార్పే సిబ్బందికి ప్రాణాపాయం లేకుండా సాధన చేసే వీలు దొరుకుతుంది. కానీ చర్చంతా తెరలో పిక్సెళ్లు (బొమ్మను కూర్చే చుక్కలు) ఎన్ని అన్న దగ్గరే ఆగిపోతోంది. పెట్టుకున్న మనిషి కళ్లకు, తలకు కుదరని హెడ్‌సెట్ ఎంత గొప్ప తెర ఉన్నా అల్మారాలోనే ఉండిపోతుంది.

ముందుగా చూడాల్సింది కంటిపాపల మధ్య దూరం. పెద్దవాళ్లలో ఇది సగటున 63 మిల్లీమీటర్లు. 54 నుంచి 74 దాకా ఉండొచ్చు. లెన్సుల మధ్య దూరం దీనికి సరిపోకపోతే బొమ్మ మసకబారుతుంది, కాసేపటికే కళ్లు లాగుతాయి. మెటా క్వెస్ట్ 2 అనే హెడ్‌సెట్‌లో లెన్సులను సర్దుకోవడానికి ఉన్నవి 58, 63, 68 మిల్లీమీటర్లు అనే మూడు మెట్లే. ఈ దూరాన్ని ఇంట్లోనే కొలుచుకోవచ్చు. అద్దానికి జానెడు దూరంలో నిలబడి, స్కేలును కనుబొమలకు ఆనించి, కుడికన్ను మూసి, సున్నాను ఎడమ కంటిపాప మధ్యకు తేవాలి. తల, స్కేలు కదపకుండా ఎడమకన్ను మూసి కుడికన్ను తెరిస్తే, ఆ పాప మధ్యకు ఎదురుగా ఉన్న అంకే మీ కొలత. మూడుసార్లు చూసి సగటు తీసుకోవాలి. పదేళ్లలోపు పిల్లల్లో ఇది పెద్దల కంటే బాగా తక్కువ. బడికి టోకున కొనేవాళ్లు ఈ లెక్క చూడకుండా ఆర్డరు పెట్టకూడదు.

బరువు సంగతి. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ తలకు తొడిగే తెరను తయారుచేసినప్పుడు దాన్ని పైకప్పుకు వేలాడదీయాల్సి వచ్చింది. ఇప్పటివి అరకిలో దరిదాపుల్లో ఉన్నాయి, కాకపోతే ఆ బరువంతా ముందువైపే. పక్కపట్టీలు బిగిస్తే అది చెంపల మీద పడి అచ్చులు పడతాయి. వెనకపట్టీ తల వెనుక ఉబ్బెత్తు ఎముకకు కిందుగా పట్టాలి, పైపట్టీ ముందుభాగాన్ని ఎత్తి ఉంచాలి. పక్కవి చివర్లో, జారకుండా ఉండేంత మేరకే బిగించాలి.

ఎక్కువమందిని వెనక్కి పంపేది వికారం. తల తిప్పాక దానికి తగ్గ బొమ్మ 20 మిల్లీసెకన్లలోపే కంటికి చేరాలి. సెకనుకు 90 ఫ్రేములు, అంటే 90 బొమ్మలు, చూపే తెరలో ఒక్కో ఫ్రేము తయారీకి దొరికేది 11 మిల్లీసెకన్లే. ప్రాసెసర్ వేడెక్కి కొన్ని ఫ్రేములు తప్పితే చాలు, తల దిమ్మెక్కుతుంది. యంత్రం సరిగ్గా పనిచేసినా మరో చిక్కుంది. కుర్చీలో కూర్చుని జాయ్‌స్టిక్‌తో నడుస్తుంటే కళ్లు కదులుతున్నామంటాయి, శరీరం కదలికను పసిగట్టే లోపలి చెవి లేదంటుంది. నడకకు బదులు ఒకచోటి నుంచి మరోచోటికి ఒక్క దూకులో వెళ్లే పద్ధతి ఎంచుకుంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. అలవాటవుతుందిలే అని ఓర్చుకోవడం మాత్రం పెద్ద తప్పు. మొదటి వారం పది నిమిషాలు చాలు. చెమట పట్టినట్టున్నా, నోట్లో నీళ్లూరినా వెంటనే తీసేయాలి.

ఇక డేటా. 2023లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక వర్చువల్ రియాలిటీ ఆట ఆడిన 50 వేల మందికి పైగా వ్యక్తుల తల, చేతుల కదలికలను విశ్లేషించారు. 100 సెకన్ల కదలికను బట్టే ఎవరు ఎవరో 94 శాతం కచ్చితత్వంతో చెప్పగలిగారు. పేరు తీసేసి దాచాం అన్న హామీ ఇక్కడ సరిపోదు. పిల్లల కదలికలు ఏ సర్వర్‌కు వెళ్తున్నాయో తల్లిదండ్రులకు తెలియాలి.

అందుకే వినియోగదారుల రక్షణ చూసే సంస్థలకు మా విన్నపం: సర్దుకోగల కంటిపాపల దూరం, పట్టీతో సహా బరువు, ఏ వయసు నుంచి వాడొచ్చు, కదలికల డేటా ఎక్కడ, ఎన్నాళ్లు ఉంటుంది అన్నవి పెట్టె మీదే ముద్రించాలని నిబంధన తేవాలి. బడులు, ఆఫీసులు తమ టెండర్లలో ఇవే ప్రశ్నలు ఇప్పటి నుంచే అడగొచ్చు, ఆ నిబంధన వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

ఇట్లు,
కొందరు పాఠకులు