విషయం: మీ సేవా విభాగంలో మనుషులు పనిచేస్తున్నారో లేదో తెలియజేయమని

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అయ్యా,

మీ బైనాక్యులర్ పాడైందని ఈ ఉత్తరం రాయడం లేదు. వస్తువన్నాక పాడవుతుంది. రెండు కళ్లతో చూస్తే ఒక్క పక్షి రెండుగా కనిపిస్తోంది, అంతే. పులికాట్ సరస్సులో దానితో ఫ్లెమింగోలను లెక్కపెట్టిన నా విద్యార్థి ఒకడు గుంపును రెట్టింపు చేసి రాసుకొచ్చాడు. ఆ లెక్క చూస్తే అటవీ శాఖవారు పండగ చేసుకునేవారు. నా కోపం దాని మీద కాదు, ఆ తరువాత మీరు నాతో ఆడిన ఆట మీద.

తిరుపతిలో నాకు అమ్మిన దుకాణదారుడు 'అమ్మడం వరకే మా పని సార్, చెన్నై వాళ్లను అడగండి' అన్నాడు. చెన్నైవారు బెంగళూరు అన్నారు. బెంగళూరువారు మీ ఉచిత ఫోను నంబరు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఆ నంబరులో తెలుగు కోసం ఒక అంకె నొక్కమంటే నొక్కాను. పాట వినిపించింది. చాలాసేపు వినిపించింది. చివరికి ఒకాయన వచ్చి హిందీలో పలకరించాడు. తెలుగు కావాలంటే మళ్లీ పాటలోకి పంపాడు.

తెలుగు మాట్లాడే అమ్మాయి దొరికిన రోజు ఎంత సంబరపడ్డానో! బిల్లు పంపమంది, పంపాను. పక్షి రెండుగా కనిపించడాన్ని ఫొటో తీసి పంపమంది. అమ్మా, ఈ లోపం రెండు గొట్టాల్లోంచి ఒకేసారి చూసినప్పుడే తెలుస్తుంది, ఫోనుకు ఉన్నది ఒక్క కన్నే కదా అని నచ్చజెప్పబోయాను. ఫొటో లేనిదే ఫిర్యాదు ముందుకు కదలదంది. సరేనని ఒక గొట్టానికి ఫోను ఆనించి తీసి పంపాను. మర్నాడే జవాబు వచ్చింది: 'ఫొటోలో ఒకే పక్షి ఉన్నది. లోపం లేదు. ఫిర్యాదు ముగించడమైనది.' జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని. ఇంత చక్కని తర్కం ఏ పరీక్ష పేపర్లోనూ చూడలేదు.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి దొరికిన కుర్రవాడు, ఈ పరికరం దేనికి వాడతారని అడిగాడు. పులికాట్‌లో పక్షులను చూడడానికన్నాను. 'తిరుపతిలో జూ ఉంది కదా సార్, దగ్గర నుంచే చూడవచ్చు' అని సలహా ఇచ్చాడు. మీరు బైనాక్యులర్లు అమ్మే సంస్థే కదా? మీ సిబ్బందికి అవి ఎందుకు పనికొస్తాయో ఎవరూ చెప్పలేదా? సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద నిలబడితే ఫ్లెమింగోలు ఎక్కడో దూరంగా, లోతు లేని ఉప్పునీటిలో లేత గులాబీ గీతలాగా ఉంటాయి. బురదలో దిగి దగ్గరికి వెళ్తే మొత్తం గుంపు లేచిపోతుంది, వాటి మేత పాడవుతుంది. తలను తలకిందులుగా నీటిలో ముంచి, ముక్కుతో నీటిని వడగట్టి తినడాన్ని చూడడం, గుంపులో ఇంకా రంగు రాని బూడిదరంగు పిల్లలు ఎన్నున్నాయో పోల్చుకోవడం ఇవన్నీ మంచి పరికరం ఉంటేనే సాధ్యం. నేలపట్టు పక్షి కేంద్రంలో గూడబాతుల (పెలికాన్ల) గూళ్ల సంగతీ అంతే.

ఇదంతా అతనికి ఓపికగా చెప్పాను. పూర్తయ్యేసరికి అవతల మళ్లీ పాట వినిపిస్తోంది.

ఆ తరువాత కొరియర్ నాటకం. 'మా ప్రతినిధి వచ్చారు, మీరు ఇంట్లో లేరు' అని ఫోనుకు సందేశం. ఆ సమయానికి పెట్టె ఒళ్లో పెట్టుకుని వరండాలోనే కూర్చున్నాను. ఆ ప్రతినిధి ఎవరి ఇంటికి వెళ్లాడో దేవుడికే తెలియాలి. సాయంత్రానికి ఇంకో సందేశం: ఫిర్యాదు విజయవంతంగా పరిష్కారమైందట, ఎన్ని నక్షత్రాలు ఇస్తానని అడిగారు. సున్నా ఇచ్చే వీలు లేదు. అది మాత్రం ముందుచూపుతో ఏర్పాటు చేశారు.

నేను నిన్నమొన్నటి కొనుగోలుదారుడిని కాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేతన సవరణ (పీఆర్‌సీ) బకాయిలు చేతికి వస్తే ఇంట్లో వాళ్లు బీరువా కొనమన్నారు. నేను మొదటిసారి మీ బైనాక్యులర్ కొన్నాను. ఆ పాతదాని పట్టీ ఎప్పుడో తెగింది, అందులో కనిపించే బొమ్మ మాత్రం ఇప్పటికీ చెదరలేదు. దాన్ని చూసే మా పాఠశాల ప్రకృతి సంఘానికీ మీవే కొనిపించాను. ఎవరు అడిగినా మీ పేరే చెప్పాను. ఇన్నేళ్లుగా జీతం లేకుండా మీకు ప్రచారం చేశాను. అందుకు దక్కిన మర్యాద ఇదా?

అక్టోబరు నుంచి వచ్చే పక్షులు మార్చి దాటితే చాలావరకు ఉండవు. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా పిల్లలను తీసుకువెళ్లాల్సిన ఆదివారాలు మీ పాటలు వింటూ గడిచిపోతున్నాయి. బాగుచేస్తారో, కొత్తది ఇస్తారో, డబ్బు వెనక్కి ఇస్తారో మీరే తేల్చుకోండి. ఏదో ఒకటి తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఊరుకోను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటే కేసు వేయవచ్చు, వకీలు కూడా అక్కరలేదు. అయినా నా శిష్యుల్లో వకీళ్లకు కొదవ లేదు. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగినప్పుడు అక్కడికి వచ్చే ఉపాధ్యాయులందరికీ మీ సేవల గురించి నేనే స్వయంగా వివరిస్తాను. ఎలాగూ అలవాటైన ప్రచారమే.

మీ సిబ్బందిలో ఒక్కరైనా తమ పేరు చెప్పలేదు. అడిగితే నిబంధనలు ఒప్పుకోవన్నారు. అందుకే ఈ ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో, అందినట్లు సంతకం కోరుతూ పంపుతున్నాను. తీసుకున్నవారు దయచేసి పేరు అర్థమయ్యేలా రాయవలెను.

ఇట్లు,
మీ పాత కొనుగోలుదారుడు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
తిరుపతి