నన్ను నడవనివ్వు

చిన్నీ,

ఫోను చేసినప్పుడల్లా "లేవకు, పడుకో అమ్మా" అంటున్నావు. న్యుమోనియాతో ఆక్సిజన్ పెట్టుకుని ఆసుపత్రిలో పడి ఉన్న నన్ను చూసినదానివి, నీ భయం నాకు తెలుసు. అయినా ఈ ఒక్క విషయంలో నీ మాట వినలేను. ఎందుకో తీరిగ్గా చదువుకుంటావని రాస్తున్నాను.

పడుకుంటే సత్తువ రాదమ్మా, ఉన్నది పోతుంది. ఏ జబ్బూ లేని పెద్దవయసు వాళ్లను 10 రోజులు మంచం మీదే ఉంచి చూస్తే ఒక్క కాళ్లలోనే దాదాపు కిలో కండ తరిగిపోయిందని 2007లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. నాకు దానికి తోడు న్యుమోనియా కూడా. నాలుగడుగులు వేస్తే కాళ్లు వణకడంలో వింతేముంది?

లుకేమియా ముదిరిందేమోనని నీ దిగులు. నాకున్నది దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా, ఒక రకం రక్త క్యాన్సర్. ఇందులో బి లింఫోసైట్లనే ఒక రకం తెల్లరక్తకణాలు లెక్కకు మించి పెరుగుతాయి, కానీ రోగక్రిములతో పోరాడటానికి పనికొచ్చే యాంటీబాడీలు తయారుచేయవు. అందుకే ఇన్ఫెక్షన్ గట్టిగా పట్టుకుంటుంది, నెమ్మదిగా వదులుతుంది. ఆ సమయంలో తెల్లకణాల లెక్క పెరిగి తగ్గుతూ ఉంటుంది కాబట్టి ఒక్క రిపోర్టు చూసి హడలిపోకు. కొన్ని నెలల లెక్కలు ఎటు పోతున్నాయన్నదే డాక్టరు చూస్తారు.

మామూలు మనుషులకే న్యుమోనియా తర్వాత దగ్గు, ఆయాసం బాగా తగ్గడానికి 6 వారాలు పడుతుంది. 3 నెలలకు మిగతావన్నీ పోయినా నీరసం ఉండిపోవచ్చు. పూర్తిగా కోలుకోవడానికి 6 నెలలు. నాకు ఇంకా ఎక్కువే పట్టనీ, నేను తొందరపడటం లేదు.

నడిచేటప్పుడు మాట్లాడగలిగినంత వేగమే నాది. మాట తెగితే ఆగిపోతాను. మర్నాడు మంచం దిగలేకపోతే నిన్నటిది ఎక్కువైందని తెలుసుకుని తగ్గిస్తాను. అన్నిటికన్నా ప్రమాదం ఒంట్లో హాయిగా ఉన్న రోజే. పేరుకున్న పనులన్నీ ఆ రోజే చేసేయాలనిపిస్తుంది, తర్వాత రెండు రోజులు లేవనివ్వదు. అందుకే బాగున్న రోజునా అంతే నడుస్తాను. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం కూడా చేస్తున్నాను, తొడల్లో బలం వస్తోంది.

కానీ అలసటంతా కండ తగ్గడం వల్లనే కాదు. ఎంత నిద్రపోయినా తీరని అలసట ఒకటుంది, అది ఈ జబ్బు తెచ్చేది. దాన్ని ఎవరైనా బద్ధకం అంటే నాకు బాధ. రక్తం తయారయ్యే ఎముక మజ్జలో లుకేమియా కణాలు నిండిపోతే ఎర్రకణాలు తగ్గి రక్తహీనత కూడా రావచ్చు కాబట్టి హిమోగ్లోబిన్ చూపించుకోకుండా నడకనే నమ్ముకోను, నీకు మాటిస్తున్నాను.

జ్వరం సంగతిలో మాత్రం నువ్వు చెప్పినట్టే వింటాను. 100.4 డిగ్రీలు దాటితే మాత్ర వేసుకుని తెల్లవారేదాకా చూద్దామని నేనన్నా వినిపించుకోకు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. ఫ్లూ టీకా, న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకోకల్ టీకా నేను వేయించుకున్నా నా ఒంట్లో వాటికి స్పందన అంతంతమాత్రంగానే ఉండొచ్చు, అందుకే ఏటా ఫ్లూ టీకా నువ్వూ వేయించుకో. జలుబు చేసి ఉంటే నా దగ్గరికి రాకు. కన్నకూతురితో ఈ మాట అనడం ఎంత కష్టమో నీకు పిల్లలున్నారు కనుక తెలుస్తుంది. అయినా రాకు, తగ్గాక రా.

వచ్చినప్పుడు నా చేతిలోని సంచి లాక్కోకు. పక్కన నడువు, నేను ఆగినచోట ఆగు. ఇక చాలు, వెనక్కి వెళదాం అనే మాట నన్నే అననివ్వు.

ఆశీస్సులతో,
అమ్మ