పాత రైలు కట్టను సైకిళ్లకు వదలండి

సంపాదకులకు నమస్కారం.

నంద్యాల నుంచి గిద్దలూరు పోయే పాత మీటర్ గేజ్ రైలు కట్ట గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. 1990ల్లో ఆ ఇరుకు పట్టాలు తీసి వెడల్పాటి బ్రాడ్ గేజ్ పట్టాలు వేసేటప్పుడు నల్లమల ఎక్కే చోట కొత్త దారి వేసి పాత దారిని వదిలేశారు. మీటర్ గేజ్ బండి తిరిగిన ఇరుకు వంపుల్లో పెద్ద బండి వేగంగా తిరగలేదు మరి. అడవిలో ఆ పాత దారి మీదున్న దొరబావి వంతెన ఫొటోలు ఫోన్లలో తిరుగుతుంటాయి కాబట్టి అడవి లోపలి దారి సంగతి చాలామందికి తెలుసు. నా బాధ దాని గురించి కాదు. కొండ కింద, గాజులపల్లె వైపు, చేల మధ్య అక్కడక్కడా మిగిలిన కట్ట గురించి. గరుసు కోసం దాన్ని రాత్రిపూట జేసీబీలతో తవ్వి ట్రాక్టర్లలో తోలుకుపోతున్నారు. వానాకాలం దాటి వెళ్లి చూస్తే మనిషి లోతు గుంతలు కనబడ్డాయి.

నాకు సైకిల్ షాపు ఉంది. ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు తీయను. ఎండ ముదరకముందే సైకిలెక్కి అటు పోతాను. నాది గేర్లు లేని పాత ఇరవై రెండు అంగుళాల బండి. రోడ్డు మీద మిట్ట వచ్చిన ప్రతిచోటా లేచి నిలబడి తొక్కాల్సిందే. కట్ట మీద ఆ అవసరమే రాదు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద మిట్ట ఎక్కలేక జారుతుంది. అందుకే రైలు దారి వేసేవాళ్లు మిట్ట వస్తే తవ్వుతారు, పల్లం వస్తే మట్టి పోసి కట్ట లేపుతారు. మైదానంలో వంద అడుగులు పోతే అడుగు ఎత్తు లేవడమే ఎక్కువ. రైలు కోసం చేసిన ఆ పని ఇప్పుడు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, చిన్నపిల్లలకు పనికొస్తుంది. ఒక పక్క వరి మళ్లు, ఇంకో పక్క మహానంది వైపు అరటి తోటలు, ఎదురుగా నల్లమల. తొందర లేకుండా తొక్కుకుంటూ పోతే ఆయాసం రాదు. వెనక నుంచి హారన్ కొట్టేవాడుండడు.

దారిలో ఒక వంక మీద రాతి తూము ఉంది. చెక్కిన రాళ్లను సున్నంతో కట్టారు. సైకిల్ స్టాండు వేసి కిందికి దిగి చూస్తే రాళ్ల మీద ఉలి గాట్లు ఇంకా వేలికి తగులుతాయి. పక్క చేలో రైతులు మధ్యాహ్నం సద్దిమూట విప్పేది ఆ తూము నీడలోనే. దాని పక్కన మట్టి తోడేస్తే రెండు వానలకు తూము కూలిపోతుంది.

ఈ దారి ఎందుకొచ్చిందో ఇప్పటి పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. 1876-78 ధాత కరువులో మన సీమ జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. కరువు సీమలకు గింజలు చేరాలంటే రైళ్లు కావాలని 1880లో కరువు కమిషన్ చెప్పింది. ఆ దశకంలోనే బళ్లారి వైపు నుంచి కృష్ణా వైపు ఈ దారి వేశారు. నా చిన్నప్పుడు గిద్దలూరులో మా అత్తవాళ్లింటికి ఈ బండిలోనే పోయేవాళ్లం. వంపుల దగ్గర చివరి పెట్టెలో కూర్చున్నా కిటికీలోంచి ఇంజన్ కనబడేది. ఆకలి తీర్చడానికి పోసిన కట్ట మట్టి ఇప్పుడు ప్లాట్ల పునాదుల్లోకి పోతుంటే చూస్తూ ఊరుకోబుద్ధి కావడం లేదు.

న్యూజిలాండ్‌లో సెంట్రల్ ఒటాగో అనే ప్రాంతం ఉంది. మన సీమలాగే వానలు తక్కువ. అక్కడ 1990లో మూతపడిన రైలు దారిలో పట్టాలు తీసేసి, పైన సన్నకంకర పరిచి, వంతెనల మీద చెక్కలు వేసి, పక్కన పట్టుకోవడానికి కమ్మీలు కట్టి 2000లో సైకిళ్లకు తెరిచారు. సుమారు 150 కిలోమీటర్లు. దారిలోని పల్లెల్లో బసలు, టీ దుకాణాలు, సైకిళ్లు అద్దెకిచ్చే షాపులు ఆ సైకిళ్ల వాళ్ల మీదే బతుకుతున్నాయి. మనకు అంత పొడుగు అక్కర్లేదు. ఉన్న ముక్క నిలిస్తే చాలు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. అడవి లోపలికి సైకిల్ దారి వద్దు. అది పులులు తిరిగే చోటు, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉన్న చోటు. దొరబావి దాకా తీసుకుపోండి అని కుర్రాళ్లు నన్నూ అడుగుతుంటారు, నేను ఒప్పుకోను. అడవి మొదలయ్యే దగ్గర సైకిల్ వెనక్కి తిప్పాల్సిందే.

కట్ట బాగుంటే ఆదివారం షికారు ఒక్కటే కాదు, పల్లెల నుంచి బడికొచ్చే ఆడపిల్లలకూ మేలు. నా దగ్గరికి బ్రేకులు సరిచేయించుకోవడానికి వస్తుంటారు. లారీ పక్కనుంచి పోతే సైకిల్ ఊగిపోతుంది అంకుల్, రోజూ టెన్షనే అంటారు. కట్ట మీదుగా రమ్మందామంటే చాలాచోట్ల ముళ్ల కంప అల్లుకుపోయింది. కంప ముల్లు మామూలుది కాదు. టైరులో దిగి లోపల విరుగుతుంది. మొన కనబడదు. టైరు లోపలంతా వేలితో తడిమి పట్టకారుతో లాగకుండా పంక్చర్ వేస్తే, ఇల్లు చేరేలోపు మళ్లీ గాలి పోతుంది.

కాబట్టి రైల్వే, రెవెన్యూ అధికారులు కలిసి ముందు ఆ భూమికి హద్దురాళ్లు నాటించి తవ్వకాలు ఆపాలి. తర్వాత కంప కొట్టించి, గుంతలు పూడ్చి, గరుసు పరిచి రోలర్ తిప్పితే సరిపోతుంది. సిమెంటు రోడ్డు వేయొద్దు, వేస్తే మరుసటి రోజే బైకులూ ఆటోలూ ఎక్కుతాయి. కట్ట ఎక్కే చోట్ల సైకిల్ మాత్రమే పట్టేలా రెండు రాళ్లు నిలబెట్టండి. కంప కొట్టే రోజు ఏదో ముందుగా మీ పత్రికలో వేస్తే మచ్చుకత్తులు పట్టుకుని నేనూ, మా షాపు కుర్రాడూ వస్తాం. ఆ రోజు అక్కడికి వచ్చిన సైకిళ్లన్నిటికీ పంక్చర్లు డబ్బులు తీసుకోకుండా వేసిస్తాను.

ఇట్లు,
ఒక సైకిల్ షాపు యజమాని,
నంద్యాల, ఉమ్మడి కర్నూలు జిల్లా