లైసెన్సు మీద ఇంకో రెండు గడులు కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

వేసవి సెలవుల సందర్భంగా మీ ఆదివారం సంచికలో హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయ గురించి వచ్చిన వ్యాసం, వీపున సంచి తగిలించుకుని ఒంటరిగా వెళ్లి, ఏటి ఒడ్డున గుడారం వేసుకుని, గాలంతో చేపలు పట్టుకుని వచ్చే ప్రయాణాన్ని ఎంతో ముచ్చటగా వర్ణించింది. దానికి స్పందిస్తూ ఇదే శీర్షికలో ఇద్దరు పాఠకులు, ఇలాంటి ప్రయాణాలు కన్నవారికి కడుపుకోత మిగల్చడానికి తప్ప ఎందుకూ కొరగావని, వాటిని ప్రభుత్వాలు పూర్తిగా నిషేధించాలని రాశారు. వేసవి మొదట్లో వీలు చిక్కినప్పుడల్లా ఆ లోయకు ఒక్కడినే వెళ్లివచ్చే అలవాటున్న పాఠకుడిగా, వ్యాసంలోనూ ఉత్తరాల్లోనూ కూడా అసలు విషయం జారిపోయిందని నాకు అనిపించింది. మనిషి ఒక్కడే వెళ్లాడా, పదిమందితో వెళ్లాడా అన్నదానికంటే, ఏటి వెంట ఏ మేరకు వెళ్లాడో, ఏ పొద్దుకు తిరిగి రావాలో తెలిసినవారు కింద ఊళ్లో ఒకరైనా ఉన్నారా అన్నదే ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న. ఆ ప్రశ్న అడగడానికి వీలైన కాగితం ఒకటి ఇప్పటికే ఉంది. చేపలు పట్టడానికి అక్కడి మత్స్యశాఖ ఇచ్చే లైసెన్సే ఆ కాగితం. దాన్ని ఇందుకు వాడుకోవాలని కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తీర్థన్ నది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ లోపలి మంచుకొండల్లో పుట్టి, గుశైని, నగిని, బంజార్‌ల మీదుగా దిగివచ్చి లార్జీ దగ్గర బియాస్‌లో కలుస్తుంది. 1999లో జాతీయ పార్కుగా నోటిఫై అయి, 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ అడవిలో అడుగుపెట్టాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. లోపల వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది కనుక అక్కడ గాలం మాట ఎత్తరాదు. గాలం వేసేదంతా దిగువన, పల్లెలను ఒరుసుకుంటూ పారే నీళ్లలోనే. అక్కడ దొరికే బ్రౌన్ ట్రౌట్ ఆ నీళ్లలో పుట్టిన జాతి కాదు. బ్రిటిష్ దొరలు తమ సరదా కోసం యూరప్ నుంచి దాని గుడ్లు తెప్పించి ముందుగా కశ్మీర్‌లోనూ, ఆ తరువాత 1909 ప్రాంతంలో కులూ లోయలోనూ పిల్లలను చేయించి సెలయేళ్లలో వదిలారు. చల్లటి నీళ్లు పడి ఆ చేప అక్కడే స్థిరపడింది. చలికాలంలో గుడ్లు పెడుతుంది కాబట్టి నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు దాన్ని పట్టడం నిషిద్ధం. మార్చిలో వేట మళ్లీ మొదలవుతుంది. మన దగ్గర ఎండలు మండే ఏప్రిల్, మే నెలలే అక్కడ గాలానికి మంచి రోజులు. మీ వ్యాసంలో డిసెంబర్‌లో కూడా వెళ్లవచ్చన్నట్లు ధ్వనించిన వాక్యాన్ని సవరించవలసిందిగా మనవి.

మన చెరువు గట్ల మీద బెండు కట్టి, గాలానికి ఎర్ర గుచ్చి, జెల్లల కోసం కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నవారికి ట్రౌట్ వేట వింతగా ఉంటుంది. ఆ చేప ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి, బండరాయి చాటున నీరు నెమ్మదించే చోట నిలిచి, పైనుంచి కొట్టుకువచ్చే పురుగుల కోసం కాచుకుని ఉంటుంది. అందుచేత వేటగాడు దాని వెనుక నుంచి, అంటే దిగువ నుంచి ఎగువకు, ఒక్కొక్క గుండు దాటుకుంటూ అడుగులో అడుగు వేసుకుని వెళ్లాలి. నీటి మీద మనిషి నీడ పడినా, రాళ్ల మీద బూటు జారి చప్పుడైనా అది రాతి కిందికి దూరిపోతుంది, ఇక ఆ గుండం దగ్గర ఎంతసేపు నిలబడినా దండగే. ఇద్దరు స్నేహితులు కలిసి వెళ్లినా ఒకరికొకరు కనబడనంత ఎడంగా నడవవలసిందే. కాబట్టి ఇక్కడ ఒంటరితనం గొప్పలకు పోయి తెచ్చిపెట్టుకున్నది కాదు, ఆ పనితీరే అలాంటిది. 'జంటగా వెళ్లండి' అన్న సలహా పాదయాత్రకు పనికొస్తుందేమో గాని, గాలం కర్ర చేతబట్టినవాడికి అది నోటిమాటగానే మిగిలిపోతుంది.

ఇక ప్రమాదం సంగతి. వేసవి మొదట్లో హిమాలయ నదుల స్వభావం గోదావరి, కృష్ణల ఒడ్డున పెరిగినవారికి అంత తేలిగ్గా అంతుబట్టదు. మన నదులు పొంగాలంటే వాన పడాలి. అక్కడ మబ్బు తునక లేని రోజునే ఏరు పొంగుతుంది. పొద్దున ఎండ ఎక్కేకొద్దీ పైన మంచు కరుగుతుంది. ఆ నీరు కిందికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది, ఎగువ చోట్ల సాయంత్రానికి, ఇంకా దిగువన రాత్రికి ఉద్ధృతి పెరుగుతుంది. తెల్లవారేసరికి మళ్లీ తగ్గి, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా మారుతుంది. పొద్దున్నే ఒడ్డుకు చేరగానే, నీటి అంచున ఉన్న ఒక రాతిని గుర్తుగా పెట్టుకోవడం అక్కడివారి అలవాటు. మధ్యాహ్నానికి ఆ రాతి నడుము దాకా తడిసి, నీళ్లు పాలిపోయిన రంగులోకి తిరిగాయంటే, అవతలి ఒడ్డున ఎంత మంచి గుండం ఊరిస్తున్నా ఇవతలే ఉండిపోవాలి. పొద్దున మోకాలిలోతున దాటిన చోటే తిరుగుదారిలో నడుములోతు ఉండవచ్చు; నున్నటి గుండ్ల మధ్య మంచునీళ్లలో నడుములోతు ప్రవాహాన్ని ఈతగాడు కూడా తట్టుకోలేడు. మే నెల ముదిరేకొద్దీ నీళ్లు రోజంతా మడ్డిగానే ఉంటాయి కాబట్టి చేప కూడా సరిగా పడదు. కళాశాలలకు సెలవులిచ్చాక జూన్‌లో బయలుదేరే మన పిల్లలు చేపలకు ఆలస్యంగానూ, ప్రమాదానికి సరిగ్గా వేళకూ చేరుతున్నారన్నమాట.

2014 జూన్ 8ని తెలుగువారు మరిచిపోలేరు. హైదరాబాద్‌లోని ఒక ఇంజినీరింగ్ కళాశాల నుంచి విహారయాత్రకు వెళ్లిన విద్యార్థులు మండీ జిల్లాలో థలౌట్ దగ్గర బియాస్ నదిలోని బండల మీదికి దిగి ఫొటోలు తీసుకుంటుండగా, ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు ముంచెత్తి 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న ఒక టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2016లో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు తీర్పునిచ్చింది. తీర్థన్ బియాస్‌ను కలిసేది ఆ లార్జీ దగ్గరే. ఆ రోజు నదిలో ఉన్నవారెవరూ ఒంటరివారు కారు. వారి వెంట అధ్యాపకులున్నారు, నిర్వాహకులున్నారు, ఒడ్డున బస్సు ఉంది. పైన ఆనకట్ట ఉందన్న సంగతి, దాని గేట్లు ఎత్తుతారన్న సంగతి మాత్రం వారికి చెప్పిన నాథుడు లేడు. ఒంటరి ప్రయాణాలను నిషేధిస్తే ఇలాంటి దుర్ఘటనలు ఆగుతాయనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

అలాగని ఒంటరితనంలో ప్రమాదమే లేదని నేను అనడం లేదు. ఉంది, అయితే అది వేరే రకం. ఒక్కడే ఉన్నవాడికి ప్రమాదం పెద్ద అలగా రానక్కరలేదు. పాచి పట్టిన రాతి మీద కాలు జారి మడమ బెణికితే చాలు. ఇరుకు లోయ కాబట్టి సాయంత్రం కావస్తుండగానే ఎండ కొండ వెనక్కి వెళ్లిపోతుంది, తడిసిన బట్టల మీద గాలి తగిలి ఒళ్లు వణకడం మొదలవుతుంది, వణుకు ముదిరాక బుర్ర పనిచేయదు. ఏటి హోరులో కేక నాలుగు గజాలు కూడా దాటదు. మలుపు తిరిగితే ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతం చూడబోయిన దాదాపు 80 మంది వాగు పొంగడంతో అడవిలో చిక్కుకున్నప్పుడు, వారు ఫోన్ చేయగలిగారు కాబట్టే సహాయక బృందాలు వెతుక్కుంటూ వెళ్లి తెల్లవారేలోగా వారిని క్షేమంగా బయటికి తీసుకురాగలిగాయి. ఫోన్ పలకని చోట ఉన్నవాడిని కాపాడగలిగేది, వాడు రాలేదని గుర్తించే మనిషి ఒక్కరే. తీర్థన్‌కు కొండల అవతల ఉన్న పార్వతీ లోయలో 1990ల నుంచి పలువురు విదేశీ యాత్రికులు ఆచూకీ లేకుండా పోయారు. ఒంటరి యాత్రికుడు కనబడడం లేదన్న సంగతి బయటపడేసరికే రోజులు గడిచిపోతే, ఎక్కడ వెతకాలో కూడా ఎవరికీ తెలియదు.

అమెరికాలో ఉంటూ సెలవులకు వచ్చే మన తెలుగు యువత ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. అక్కడ ఒంటరి పాదయాత్రికులు భుజానికి తగిలించుకునే శాటిలైట్ సందేశ యంత్రాలను మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా వెంట ఉంచుకోవడం నేరం. వాటిని సామానులో తెచ్చి విమానాశ్రయాల్లో పట్టుబడి, కేసుల్లో ఇరుక్కున్న విదేశీయులున్నారు. భద్రత కోసం కొన్న వస్తువే మెడకు చుట్టుకుంటుందని వారికి ఎవరూ చెప్పరు. అనుభవజ్ఞులైన పాదయాత్రికుల వరకైనా ఈ నిబంధనను సడలించాలన్నది నా అభిప్రాయం. అయితే అది కేంద్రం చేతిలో ఉన్న మాట, దేశభద్రతతో ముడిపడిన మాట, ఇప్పట్లో తేలేది కాదు.

తేలికగా అయ్యే పని మరొకటి ఉంది. కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా కొండల్లో రాత్రి బస చేయాలంటే అక్కడి అటవీ అధికారుల నుంచి పర్మిట్ తీసుకోవాలి. ఏ దారిన లోపలికి వెళతారో, ఏ రోజున ఎక్కడ బయటికి వస్తారో అందులో రాయాలి. మీరు తిరిగి రాకపోతే మేమే వెతుక్కుంటూ వస్తామని మాత్రం వారు హామీ ఇవ్వరు, ఆ సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పి రమ్మంటారు. మన దగ్గర అంతకంటే మెరుగ్గా చేయడానికి వీలుంది, ఎందుకంటే తీర్థన్ లాంటి లోయల్లో ఏటి పొడవునా ఊళ్లున్నాయి. హిమాచల్ మత్స్యశాఖ ఇచ్చే లైసెన్సులో ఆ రోజు ఏ ఊరి నుంచి ఏ ఊరి దాకా గాలం వేస్తారో, ఎన్ని గంటలకు, ఎవరి దగ్గరికి తిరిగి వస్తారో రాయించే గడులు పెట్టాలి. ఆ లైసెన్సులోంచి చింపిన సగం ముక్కను బస చేసిన హోంస్టే యజమాని దగ్గరో, వంతెన దగ్గరి టీ దుకాణంలోనో ఇచ్చి వెళ్లేలా చేయాలి. చీకటి పడినా ఆ ముక్క అడగడానికి మనిషి రాకపోతే, ఆ దుకాణందారు 112కు ఫోన్ చేస్తాడు. హోంస్టేలో దిగగానే మన ఆధార్ నకలు తీసుకుని దాచిపెడుతున్నారు. ఎక్కడి నుంచి వచ్చామో దాన్నిబట్టి తెలుస్తుంది, ఎక్కడికి వెళుతున్నామో తెలియదు.

అక్కడి ఇళ్లవారు మనసుంటే ఈ పని ఇప్పటికే చేస్తున్నారు. గుశైని దగ్గర నేను దిగే ఇంటి పెద్దావిడ, పొద్దున గాలం కర్ర తీసుకుని గడప దాటుతుండగా, 'ఎటువైపు బేటా, నగిని వైపా, పై వంతెన వైపా?' అని అడిగి, వంటగదిలో వేలాడే క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో బాణం గుర్తు వేసుకుంటుంది. ఎగువకైతే పైకి, దిగువకైతే కిందికి. భోజనం వేళకు రాకపోతే తన మనవణ్ణి ఆ దారిలోనే పంపిస్తుంది. ప్రభుత్వ కాగితం ఆ ఇల్లాలి పెన్సిల్ గుర్తు చేసే పని చేస్తే చాలునంటున్నాను.

నిషేధం కోరిన పాఠకులకు ఒక్క మాట. లైసెన్సులు ఆపేస్తే గాలాలు ఆగవు. లైసెన్సు లేనివాడు రోడ్డుకు దూరంగా, ఊరికి కనబడకుండా, చీకటి పడ్డాక గాలం వేస్తాడు. ఎక్కడికి వెళ్లావని అడిగితే అబద్ధం చెబుతాడు. అలాంటివాడి కాలు విరిగితే వెతకవలసిన చోటే ఎవరికీ తెలియదు. పైగా లైసెన్సు లేని వేటలో ఎంత చేపను తీయాలి, ఎంత చేపను వదిలేయాలి అన్న నియమాలు కూడా గాలికి పోతాయి. తీర్థన్‌లో చేపలు మిగిలి ఉండడానికి ఆ నియమాలు కూడా ఒక కారణం.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు హిమాచల్ నదులను శాసించలేవు, నిజమే. కాని ఏటా ఇక్కడి నుంచి ఎందరో పిల్లలు అక్కడికి వెళుతున్నారు కాబట్టి, లైసెన్సులో ఈ మార్పు చేయమని హిమాచల్ ప్రభుత్వాన్ని కోరే హక్కు మన పర్యాటక శాఖలకు ఉంది. 2014 తరువాత ఆ హక్కును ఎవరూ కాదనలేరు. మీ పత్రికకు నా విన్నపం మరీ చిన్నది. వచ్చే మార్చిలో తీర్థన్ గురించి మళ్లీ రాసేటప్పుడు, ఫొటోల పక్కన ఒక చిన్న పెట్టెలో నాలుగు వివరాలు వేయండి: వేట మూసివేసే నెలలు, మధ్యాహ్నం దాటాక ఏరు పెరుగుతుందన్న సంగతి, లార్జీ దిగువన సైరన్ వినిపిస్తే బండల మీద నుంచి వెంటనే ఒడ్డుకు రావాలన్న హెచ్చరిక, 112 నంబరు. ఆ పెట్టెకు స్థలం చాలకపోతే ఫొటోల్లో ఒకటి తగ్గించినా పాఠకులెవరూ నొచ్చుకోరు.

ఇట్లు,
మీ పాఠకుడు,
హనుమకొండ