నిన్నటి మాటల గురించి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఆదివారం ఆరాధన సగంలో వచ్చి, వెనక కూర్చుని కునుకు తీసిన మన సంఘం తమ్ముడిని తప్పుపడుతూ నిన్న ఈ గ్రూప్‌లో చాలా మాటలు వచ్చాయి. నేనూ మనసులో తప్పుపట్టాను. బయటికి వస్తుంటే చూశాను, మెడలో ఆఫీసు ఐడీ కార్డు ఇంకా అలాగే ఉంది. హైటెక్ సిటీలో నైట్ షిఫ్ట్ ముగించుకుని, మెట్రోలో నేరుగా సికింద్రాబాద్ వచ్చేశాడట. ఇంటికి కూడా వెళ్లలేదు.

మత్తయి సువార్త 7లో తీర్పు తీర్చకండి అన్న యేసు ప్రభువు, ఎదుటివారి కంట్లో నలుసును వదిలేయమనలేదు. ముందు మన కంట్లో దూలం తీసుకోమన్నారు. అదే అధ్యాయం 15వ వచనంలో అబద్ధ ప్రవక్తల విషయంలో జాగ్రత్త అన్నారు. కాబట్టి బోధను పరీక్షించాల్సిందే. మనిషి తప్పిపోతే మాత్రం, బైబిల్లో గలతీయులకు రాసిన పత్రిక 6:1 చెప్పినట్టు సాత్వికంగా సరిదిద్దాలి. అది అతనితో విడిగా మాట్లాడాల్సిన మాట, ఇక్కడ కాదు.

సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి క్షమాపణ అడుగుతాను. నిన్నటి మెసేజ్‌లు దయచేసి డిలీట్ చేయండి.