22 అనుకుని 26 మీదికి

ఒరేయ్ బుచ్చీ,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. ఆలస్యానికి తిట్లు ఏమైనా మిగిలి ఉంటే దాచిపెట్టు, కలిసినప్పుడు తింటాను. ఇక్కడ అందరూ కులాసా. అమ్మ మోకాలు నయం. చిన్నవాడి పరీక్షలు అయిపోయాయి, ఎలా రాశాడని మాత్రం అడగకు.

అసలు సంగతికి వస్తాను. ఒక విమాన ప్రమాదం దర్యాప్తు నివేదిక పట్టుకున్నాను. ఇంట్లో చెప్పబోతే అందరికీ ఏదో ఒక పని గుర్తొస్తోంది. నువ్వు వినక తప్పదు.

2006 ఆగస్టు 27, అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లెక్సింగ్టన్ విమానాశ్రయం. ఇంకా తెల్లవారలేదు. కోమ్ఎయిర్ 5191 అనే చిన్న జెట్, లోపల 50 మంది. 22వ నంబరు రన్‌వే మీంచి వెళ్ళమని అనుమతి వచ్చింది. దాని పొడవు 7,003 అడుగులు. వీళ్ళు తిరిగింది 26 మీదికి. అది 3,500 అడుగులే! 49 మంది పోయారు. కోపైలట్ ఒక్కడే మిగిలాడు.

తెలియలేదా అంటావు. నేనూ అదే అన్నాను. రన్‌వే నంబరంటే దిక్సూచి డిగ్రీలే, చివరి సున్నా తీసేసి రాస్తారు. అంటే 22కీ 26కీ దాదాపు 40 డిగ్రీల తేడా. విమానం ముక్కు ఎటు ఉందో కళ్ళెదుట తెర మీదే ఉంది. మన పటాల మాస్టారైతే అక్కడే చెవి మెలిపెట్టేవాడు, నీ కుడి చెవి సాక్షి!

22కి చేరాలంటే దారిలో 26ను దాటాలి. ఆ దారిలో కెప్టెనూ కోపైలటూ తోటి పైలట్ల ఉద్యోగాల కబుర్లలో పడ్డారు. విమానం నేల మీద కదులుతున్నప్పుడూ, పైన 10,000 అడుగుల లోపు ఉన్నప్పుడూ పనికిరాని మాటలు కూడదని 1981 నుంచి నిబంధన ఉంది. అన్నట్టు మరిచాను, అంతకుముందు వేరే విమానం ఎక్కి కూర్చుంటే ఇది మీది కాదని సిబ్బంది చెప్పాల్సి వచ్చింది.

నన్ను పట్టుకున్నది మాత్రం ఇది కాదు. 26 మీద దీపాలు వెలగడం లేదు. పరుగు మొదలయ్యాక కోపైలట్ అన్నాడు, దీపాలు లేకపోవడం వింతగా ఉందని. కెప్టెన్ అవునన్నాడు. అంతే! చూశారు, పైకి అన్నారు కూడా, అయినా ఆగలేదు. ఎందుకో తెలుసా? మొన్న రాత్రి వచ్చినప్పుడు ఇక్కడ చాలా దీపాలు వెలగడం లేదని ఆ కోపైలటే బయలుదేరే ముందు చెప్పి ఉన్నాడు. చీకటికి జవాబు ముందే సిద్ధంగా ఉంది, ఇక ప్రశ్న ఎక్కడ పుడుతుంది? నీ "ముందే తెలుసు" సిద్ధాంతం గుర్తొచ్చి నవ్వబోయి ఆగిపోయాను.

కంట్రోల్ టవర్‌లో ఉన్నది ఒకే మనిషి. అనుమతి ఇచ్చి, అటు తిరిగి కాగితాల పనిలో పడ్డాడు. ముందు 24 గంటల్లో అతని నిద్ర 2 గంటలట. అతన్ని తిట్టుకుందామంటే నోరు రాలేదు, ఆ షిఫ్టు వేసినవాళ్ళ మీద మాత్రం ఒళ్ళు మండింది.

ఇలాంటిదే ఇంకొకటి, 2000 అక్టోబరు 31న తైపేలో. తుఫాను రాత్రి, మరమ్మతుల కోసం మూసిన రన్‌వే మీదికి సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం... అయితే అక్కడ దీపాల కథ దీనికి సరిగ్గా తిరగేసి, ఎందుకంటే

ఉండు, బండి వచ్చేసింది, హారన్ మోగిస్తున్నారు. మిగతాది తర్వాత రాస్తాను. వదినకు నమస్కారాలు.

నీ
శేషు