మా గడ్డి మడులను బతికించిన వారందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మొయినాబాద్ మండలంలో నేనూ మా ఆయనా కౌలు భూమిలో నడుపుతున్న గడ్డి నర్సరీకి ఈ ఎండాకాలం బోరు ఎండిపోయి పెద్ద గండం వచ్చిపడినప్పుడు, అడిగినవారూ అడగనివారూ కలిసి నీళ్లు పంపి, పైపులు పంపి, మనుషులను పంపి, నాటడానికి కాడలు తీసుకునే మా మూలమడులను బతికించారు. వానలు నిలకడగా పడి, బోరులో నీటిమట్టం పైకి వచ్చి, ఇక భయం లేదని తేలిన తరువాతనే రాయాలని ఇన్నాళ్లూ ఆగాను. ఫోనులో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పుకున్నాను గాని, ఒకరు చేసిన మేలు మరొకరికి తెలియలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ చెప్పుకుంటున్నాను.

గడ్డి ఎండిపోతే ఇంత ఆందోళన దేనికి, నాలుగు చినుకులు పడితే అదే లేస్తుంది కదా అని మా బంధువులలో కొందరు అడిగారు. పొలం గట్టున గరికతో ఏళ్ల తరబడి తలపడిన రైతు ఎవరైనా ఆ మాటే అంటాడు. ఎంత చెక్కినా అది చావదు. మేము పెంచేది కూడా గరిక వంశమే. అయితే గోల్ఫ్ గ్రీన్ మీద, అంటే బంతిని దొర్లించి గుంతలో వేసే నున్నటి పచ్చిక మీద, వేసే టిఫ్‌డ్వార్ఫ్ వంటి మరుగుజ్జు రకాలు మన గరికకూ ఆఫ్రికాకు చెందిన మరో గరిక జాతికీ సంకరంగా పుట్టినవి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్న టిఫ్టన్ పరిశోధన కేంద్రం నుంచి 1965లో ఆ రకం విడుదలైంది. వీటికి మొలకెత్తే విత్తనం రాదు. కాడలు తుంచి నాటుకుంటూ పోవాలి తప్ప, దుకాణంలో పొట్లం కొని చల్లుకోవడం కుదరదు. గ్రీన్ కోసం మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తూ ఉంటాం కాబట్టి ఆకు తక్కువగా ఉంటుంది, ఆకు తగ్గిన కొద్దీ వేరు పైపైనే ఉండిపోతుంది. కింద ఉన్నది ఇసుక పరుపు కాబట్టి పోసిన నీరు నిలవదు. దానికి తోడు ఏప్రిల్‌లో నాటిన కొత్త కాడలకు అప్పటికి వేరే పట్టలేదు. మూలమడి పోయి ఉంటే, కల్తీ లేని కాడలు ఎక్కడినుంచో వెతికి తెచ్చుకుని, మళ్లీ మడి కట్టి, అది పరుచుకునేదాకా నెలల తరబడి అప్పుకు వడ్డీ కట్టుకుంటూ కూర్చునేవాళ్లం.

మోటారు వేస్తే నీటికి బదులు గాలి రావడం మొదలైన రోజున మొదట ఆదుకున్నది మా పక్క పొలం కాక. తన టమాటా తోటకే చాలీచాలని బోరు నుంచి, రాత్రిపూట కరెంటు ఉన్నంతసేపు మా వైపు నీళ్లు తిప్పాడు. డబ్బు మాట ఎత్తితే కోపగించుకున్నాడు. ఆయనకు ఇవన్నీ చదివే అలవాటు లేదు గనుక ఈ మాటలను ఆయన మనవరాలు చదివి వినిపించాలని కోరుతున్నాను.

అసలు దారి చూపింది మాత్రం నాతో చదువుకున్న ఒక మిత్రురాలు. నార్సింగి, కోకాపేట వైపు ఉన్న పెద్ద అపార్టుమెంట్లలో మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్లు ఉంటాయి. శుద్ధి చేసిన నీటిలో కొంత మరుగుదొడ్లకూ తోటలకూ వాడుకుని, మిగిలినదాన్ని కాలువలోకి వదిలేస్తుంటారు. ఆ మిగులు నీటిని ఒక నర్సరీకి ఇస్తారా అని ఆమె తనకు తెలిసిన నివాసుల సంఘాల వాట్సాప్ గ్రూపులలో అడిగింది. వాళ్లు ఒప్పుకోవడమే కాదు, ట్యాంకర్ లోపలికి రావడానికి గేటు దగ్గర అనుమతులు రాసిపెట్టి, ప్లాంటు చూసుకునే సిబ్బందిని తెల్లవారుజామునే సిద్ధంగా ఉంచారు. ఆ నీరు వాడవచ్చునా అన్న సందేహం నాకు ఉండింది; శుద్ధి చేసిన నీటిలో లవణాలు మిగులుతాయి, అవి పేరుకుంటే వేరు మాడిపోతుంది. రాజేంద్రనగర్‌లో పనిచేసే ఒక నేల శాస్త్రవేత్త సీసాలో తెచ్చిన నమూనాకు ఈసీ (నీటిలో లవణాలు ఎంత ఉన్నాయో చెప్పే కొలత), పీహెచ్ చూసి, గరిక జాతి ఈ మాత్రం ఉప్పును తట్టుకుంటుందని, అయితే మంచి వాన పడినప్పుడు మడి అంతా బాగా తడిపి ఆ లవణాలను కిందికి దించాలని చెప్పి పంపారు. జూన్‌లో ఆయన చెప్పినట్టే చేశాం. ఫీజు ఎంత అని అడిగితే, ఆయన ఇంటి ముందు ఉన్న చిన్న పచ్చికకు సలహా చెప్పమన్నారు. చూసి వచ్చాను, దానికి కావలసింది ఎరువు కాదు, ఎండ.

ట్యాంకర్ డ్రైవర్లు డీజిల్ ఖర్చు మాత్రమే తీసుకున్నారు. మే నెలలో ఈ నగరంలో ట్యాంకర్‌కు ఉండే గిరాకీ తెలిసినవారికి ఆ మాట విలువ తెలుస్తుంది. వారిలో ఒక తమ్ముడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మొదటి ట్యాంకర్ విప్పగానే నీటి ధార తాకిడికి కొత్త కాడలు ఇసుకతో సహా లేచి కొట్టుకుపోవడం మాకంటే ముందు అతనే గమనించాడు. వాల్వు కట్టేసి, క్యాబిన్‌లో నుంచి పాత గోనెసంచి తీసి, నీళ్లలో ముంచి, పైపు మూతికి రెండు పొరలుగా చుట్టి సుతిలి తాడుతో బిగించాడు. ఆ తరువాత నీరు సంచి పోగుల్లోంచి ఊరుతున్నట్టు వచ్చి మడి మీద పరుచుకుంది, ఒక్క కాడ కూడా కదలలేదు. ఇది నీకెవరు నేర్పారని అడిగితే, మా అమ్మ నారుమడికి ఇలాగే కట్టేదని చెప్పాడు. వ్యవసాయ డిప్లొమా చదివిన నాకు ఆ క్షణాన అది తోచలేదు.

ఇంతమంది సాయానికి రావడం వెనుక ఒక ఆట ఉంది కాబట్టి ఆ సంగతి కూడా చెప్పాలి. మా నాయన పాలమూరు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి, గోల్కొండ కోటను ఆనుకుని ఉన్న నయా ఖిలా లోపలి గోల్ఫ్ మైదానంలో మాలీగా కుదిరాడు. బడికి సెలవులు వస్తే నన్ను తెల్లవారకముందే వెంట తీసుకుపోయేవాడు. చలికాలంలో గ్రీన్ నిండా మంచు పట్టి ఉండేది. ఆకు మీద తడి ఎక్కువసేపు నిలిస్తే బూజు తెగులు సోకుతుందని, పొడవాటి పలుచని వెదురుబద్దతో అర్ధచంద్రాకారంలో తుడుస్తూ ఆ మంచును దులిపేవాడు. ఆ తరువాత గుంత మార్చేవాడు. గోల్ఫ్‌లో బంతి పడవలసిన గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు, ప్రపంచమంతటా అంతే. కానీ దాని చోటు మారుస్తూ ఉండాలి, లేకపోతే ఆటగాళ్ల అడుగులతో అక్కడి గడ్డి అరిగిపోతుంది. కొత్త చోట కట్టర్ తిప్పి తీసిన గుండ్రటి మట్టిదిమ్మను నా రెండు చేతుల్లో పెట్టి పాత గుంత దాకా మోయించేవాడు. దాన్ని గుంతలో దించి, అంచు చుట్టూ వేళ్లతో అదిమి, చివరికి మోకాళ్ల మీద వంగి చెంప నేలకు ఆనించినంత దగ్గరగా చూసేవాడు. వెంట్రుకవాసి ఎత్తు ఉన్నా మళ్లీ తీసి కింద మట్టి గీకి పెట్టేవాడు. గ్రీన్ ఎంత వేగంగా ఉందో కొలవడానికి స్టింప్‌మీటర్ అనే పరికరం ఉందని, 1935లో ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టోర్నమెంటు చూసిన ఎడ్వర్డ్ స్టింప్‌సన్ దాన్ని తయారుచేశాడని నేను చాలా కాలం తరువాత చదువుకున్నాను. మా నాయన చేత్తో ఒక బంతి దొర్లించి, అది ఆగిన తీరు చూసి, ఇవాళ కోత మిషన్ ఒక గాటు దించాలని చెప్పేవాడు.

ఆట మీద నాకు పిచ్చి పట్టింది అక్కడే. బంతిని కొట్టే పాత ఐరన్ క్లబ్‌ను సగానికి కోసి, పిడికి సైకిల్ ట్యూబు చుట్టి, ఆటగాళ్ల క్లబ్బుల సంచి మోసే కేడీ అన్నలు నాకు ఇచ్చారు. ఢిల్లీలో కేడీగా మొదలుపెట్టిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడని, ఆ టోర్నమెంటు గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అతనేనని, 1993లో మళ్లీ గెలిచాడని వాళ్లు పురాణం చెప్పినట్టు చెప్పేవారు. నాకు మాత్రం గెలుపు కంటే బంతి నేల మీద వంగే తీరే ఆశ్చర్యంగా ఉండేది. పైకి చదునుగా కనిపించే చోట కూడా అది ఒక పక్కకు ఒరిగేది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచి, ఒక్క స్ట్రోక్ తేడాతో పతకపు పోటీకి దూరమైన రోజున కూడా టీవీ ముందు నా చూపు స్కోరు మీద తక్కువ, గ్రీన్ వాలు మీద ఎక్కువ. (అదే రోజు నీరజ్ చోప్రా బంగారం గెలవడంతో ఆమె ఆట గురించి మాట్లాడినవారే తక్కువ, ఆ కొరత నాకు ఇప్పటికీ ఉంది.)

అక్కడ ఆడడానికి వచ్చే ఒక పెద్దాయన, రైల్వేలో ఇంజనీరుగా చేసి రిటైర్ అయినవారు, వాలు చదవడం నాకు నేర్పారు. బంతి వెనుక గొంతుకూర్చుని చూడు, ఆ తరువాత గుంత అవతలికి పోయి చూడు, రెండు చోట్లా ఒకేలా కనిపించిందే నమ్ము అని చెప్పేవారు. పదో తరగతి అయ్యాక నన్ను వ్యవసాయ పాలిటెక్నిక్‌లో చేర్పించి ఫీజు కట్టింది కూడా ఆయనే. ఆడపిల్లకు గడ్డి చదువు ఏమిటని మా మేనత్త మా నాయనకు బాగానే గడ్డి పెట్టింది గాని, మా నాయన విని ఊరుకున్నాడు.

ఈ రోజు నా పని అంతా ఆ చూపు మీదే నడుస్తోంది. బడి మైదానమైనా, క్రికెట్ అవుట్‌ఫీల్డ్ అయినా, గడ్డి పరచమని పిలిస్తే ముందు నాలుగు మూలలా గొంతుకూర్చుని నేల చూస్తాను. లెవెల్ మిషన్ ఎలాగూ పెడతాం, కానీ అది ఎక్కడ పెట్టాలో కన్ను చెప్పాలి. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పద్ధతి ప్రకారం గ్రీన్ కింద సుమారు 30 సెంటీమీటర్ల ఇసుక పొర, దాని అడుగున 10 సెంటీమీటర్ల కంకర, ఆ కింద నీరు పోయే గొట్టాలు ఉంటాయి. బడి మైదానానికి అంత ఖర్చు ఎవరూ పెట్టలేరు, పెట్టనక్కర్లేదు కూడా. కానీ నీరు ఎటు పోతుందో తేల్చకుండా పైన పచ్చదనం పరిచి బిల్లు తీసుకోవడం నాకు చేతకాదు. ఈ పట్టుదల వల్ల కొన్ని పనులు చేజారాయి. అయినా ఆ మట్టిదిమ్మ మీద వంగి చూసిన మనిషి కూతురిని కనుక మరోలా చేయలేను.

మే నెలలో కబురు తెలియగానే ఆ పెద్దాయన, ఎనభై దాటిన వయసులో, తనతో ఆడిన వారందరికీ వరుసగా ఫోన్లు చేశారు. ఆయన మాట మీద ఒకరు డ్రిప్ పైపుల కట్టలు, ఒకరు నీడ వలలు పంపారు. మా నాయనతో పనిచేసిన మాలీలు, ఇప్పుడు పెద్దవాళ్లైన ఆ కేడీ అన్నలు తమ పని ముగించుకుని సాయంత్రాలు వచ్చి వలలు కట్టి, కొత్త మడుల మీద చేత్తో నీళ్లు చిలకరించి పోయారు. పేరు రాయవద్దని పెద్దాయన గట్టిగా చెప్పారు కనుక రాయడం లేదు. అయ్యా, మీ ఋణం ఫీజు దగ్గరే తీరలేదు, ఇప్పుడు ఇంకా పెరిగింది.

బోర్లు ఎండిపోయే నగరం పక్కన గోల్ఫ్ గడ్డికి నీళ్లు పోయడమేమిటని ఈ సందర్భంలో ఇద్దరు ముగ్గురు నిలదీశారు. వారి మీద నాకు కోపం లేదు. ఆ ప్రశ్న నేను కూడా వేసుకున్నదే. మంచినీటిని గడ్డికి పోయడం ఇక ముందు మా నర్సరీలో వద్దని నిర్ణయించుకున్నాం. శుద్ధి నీరు ఇచ్చిన సంఘాలతోనే ఏడాది పొడవునా తీసుకునే ఒప్పందం మాట్లాడుకుంటున్నాం, దాన్ని నిలవ చేసే ట్యాంకు కోసం గుంత తవ్వడం కూడా పూర్తయింది. గడ్డి కొనేవారిని కూడా ఇదే నీటి ఏర్పాటు ఉందా అని అడగడం మొదలుపెట్టాను.

సాయం చేసిన అపార్టుమెంట్ల వారు తమ పిల్లల ఆటస్థలానికి కాడలు కావాలంటే ఉచితంగా ఇస్తాం, నాటడానికి మనుషులను కూడా పంపుతాం. వానలు ఉండగానే చెబితే వేరు తొందరగా పడుతుంది. నీడ వలలు, డ్రిప్ పైపులు శుభ్రం చేసి, ఎవరివి వారికి పేర్లు రాసి షెడ్డులో ఉంచాం, వీలు చూసుకుని తీసుకుపోగలరు. పచ్చరంగు మూత ఉన్న రెండు పెద్ద నీళ్ల డ్రమ్ములు, ఒక పెట్రోలు పంపు ఎవరు పంపారో మాత్రం ఇప్పటికీ తెలియలేదు. దయచేసి గుర్తు చెప్పి ఫోన్ చేస్తే మేమే మీ ఇంటికి చేరుస్తాం.